పిడికిటి గౌరీ వ్రతము: కుందమ్మ ఒడి పట్టిన కథ

గౌరమ్మ ముందు దీపము వెలిగించి, పసుపు ముద్దకు కుంకుమ పెట్టి, ఇంటి పెద్ద చేతినుండి తలా పిడికెడు అక్షతలు అందుకొని, పిడికిలి మూసి కూర్చుండవలెను. కథ ముగియువరకు పిడికిలి విప్పరాదు. చేయి తిమ్మిరెక్కినను విప్పరాదు. వెనుక కూర్చుండి గుసగుసలాడువారికి కూడ ఈ మాట వర్తించును.

పూర్వము తుంగభద్రా తీరమున ధూమకేశుడను మహర్షి తపస్సు చేసికొనుచుండగా, వేత్రపాదుడను ముని వచ్చి నమస్కరించి యిట్లడిగెను. "మహాత్మా, పరాయివాడు సహాయము చేసి కట్టడి పెట్టినచో ఆ సహాయము తిరిగి ఇచ్చి బయటపడవచ్చును. కన్న తల్లిదండ్రులు ప్రేమతో చేయి సాచి, ఆ చేతితోనే కట్టడి పెట్టినచో పిల్లలేమి చేయవలెను? పుచ్చుకొనక తీరదు, పుచ్చుకొన్న పిమ్మట తమ బ్రతుకు తమది కాకుండ పోవుచున్నది. దీనికి వ్రతమేదైన కలదా?"

ధూమకేశుడు "కలదు. కాని అది ఉల్లాసముగా వినదగిన కథ కాదు. దీపములో నూనె చూచుకొని కూర్చుండుము" అని చెప్పనారంభించెను.

వెలిపాడు అను పట్టణమున కాచిశెట్టి అను వర్తకుడుండెను. అతని భార్య ప్రోలమ్మ. వారికి కుందమ్మ అను ఒక్కతే కూతురు. ఆ దంపతులు చెడ్డవారు కారు. ఈ సంగతి మొదటనే చెప్పుచున్నాను, ఏలయన కథ నడుమ మీరు దానిని మరచిపోవుదురు. కుందమ్మ పట్టుపట్టి ఎఱ్ఱగుట్ట గ్రామమున నీలిరంగు అద్దెడు బొల్లనను పెండ్లాడెను. అల్లుని చేతులు మోచేతులదాక నీలముగా నుండుట ప్రోలమ్మకు నచ్చలేదు. అయినను కూతురి మాట కాదనలేక పెండ్లి చేసిరి.

పెండ్లియైన పిమ్మట మూడేండ్లు వానలు లేవు. నీలి ఆకు మొలవలేదు. బొల్లన తొట్లు ఎండి నెఱ్ఱెలు విచ్చెను. గుడిసె కప్పు గాలికి లేచిపోయెను. అప్పటికి కుందమ్మ ఐదు నెలల గర్భిణి. బొల్లన మామగారిని యాచింపజాలక తల వంచుకొని కూర్చుండగా, కుందమ్మయే బయలుదేరి పుట్టింటికి పోయెను.

తల్లిదండ్రులామెను చూచి కంటతడి పెట్టిరి. ఇల్లు కట్టుటకు కలప, తొట్లు నింపుటకు నీలి ఆకు, ఒక జత ఎడ్లు, కొంత బంగారము ఇత్తుమనిరి. బండి కట్టించి, కూతురిని పీటమీద కూర్చుండబెట్టి, ఒడిలో బియ్యము పోయ నుపక్రమించిరి. ఆ సీమలో ఒక ఆచారము కలదు. పుట్టింటివారు ఐదు సోలలు ఒడిలో పోయుదురు. ఒడి పట్టిన కూతురు అందులోనుండి ఒక పిడికెడు తీసి పుట్టింటి చేటలో తిరిగి వేసి, తాను చేయగలది ఏమో చేయలేనిది ఏమో నోరు విప్పి చెప్పి, ఆ తరువాతనే లేవవలెను.

మొదటి సోల దోసిటిలోనికి ఒంపుకొని ఒడిలో పోయుచు ప్రోలమ్మ అనెను: "ఇల్లు మన ఇంటిలాగే కట్టాలి. ఆ గుడిసె వాలకం మళ్లీ కనపడకూడదు." రెండవ సోల పోయుచు, "ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టాలి" అనెను. మూడవ సోల పోయుచు, "తూర్పు తలుపుకి గడియ పెట్టొద్దు. మేము ఎప్పుడొచ్చినా తీసి ఉండాలి" అనెను. నాలుగవ సోల కాచిశెట్టి పోసెను. "మీ ఆయన ఏ పని చేసినా నన్నడిగి చెయ్యాలి" అనెను. ఐదవ సోల పోయునప్పుడు ప్రోలమ్మ ఏమియు అనలేదు. ఏడ్చుచు పోసెను. ఐదింటిలోను బరువైన సోల అదియే.

కుందమ్మ పిడికెడు బియ్యము తీసెను. ఇల్లు మాది, పని ఆయనది అని చెప్పవలెనని నాలుకచివరి వరకు వచ్చెను. కడుపులో బిడ్డ కదలెను, గుమ్మములో బండి కనబడెను, తల్లి కన్నీరు కనబడెను. ఆమె పిడికిలిని చేటలో విప్పక తన ఒడిలోనే విప్పి, "అట్లాగే అమ్మా, మీరెట్లా అంటే అట్లాగే" అనెను. ప్రోలమ్మ చేయి ఆ పిడికెడు కొరకు చాపియుండగనే కుందమ్మ లేచి బండి యెక్కెను.

అది మొదలు ఆ ఇంట కలిమి పొంగెను. ఇల్లు లేచెను. కుందమ్మ ప్రసవించిన నాడు మూడేండ్ల కరవు తీరునట్లు వాన కురిసెను. ఉయ్యాలలో వేసినప్పుడు పిల్లకు ప్రోలమ్మ అనియే పేరు పెట్టిరి. కాని బొల్లన బిడ్డను చూరునీటి క్రింద పట్టుకొని "వానమ్మ" అని పిలువగా, అది నవ్వెను. ఇంటిలో ఆ పిలుపే నిలిచెను. పుట్టింటి బియ్యము పోసిన కుండ ఎంత వండినను తరుగలేదు. కుందమ్మ గౌరమ్మకు దండము పెట్టి మురిసికొనెను.

కొంతకాలము గడచెను. బొల్లన రెండు స్తంభములతో కట్టిన వసారాలో ఒక ఉదయము నాలుగు స్తంభములుండెను. తొలుతనుండి అట్లే యున్నట్లు వాటికి సాలెపురుగులు గూళ్లు కట్టియుండెను. కుందమ్మ నాలుగవ స్తంభము దగ్గరకు పోయి చూడగా, నడుమెత్తున గోటితో గీసిన గీతలు కనబడెను. చిన్ననాడు తన ఎత్తు కొలుచుకొనుచు పుట్టింటి స్తంభముమీద తానే గీసిన గీతలవి. వ్రేలు పెట్టి చూడగా గీతలో వ్రేలు సరిగా కూర్చుండెను.

పిమ్మట తూర్పు తలుపు దగ్గర ప్రతిసాయంకాలము చెంబులో నీరు తరుగసాగెను. ఎవరో కాళ్లు కడుగుకొన్నట్లు గడపమీద తడి అడుగులు పడుచుండెను. అవి లోపలికి పోవునవియే కాని వెలుపలికి వచ్చునవి లేవు. ఒకజత అడుగులు వంటింటిలోనికి, ఒకజత ఉయ్యాల దగ్గరకు పోయి ఆగియుండెను.

తొట్టిలోనుండి తీసిన బట్ట మొదట పచ్చగానుండి గాలి తగిలినకొలది నీలమగుట అద్దకపువారెల్లరు ఎరిగినదే. బొల్లన బట్టలు మాత్రము గాలి తగిలినకొలది కావిరంగు తిరుగసాగెను. కాచిశెట్టి భుజముమీది ఉత్తరీయపు రంగు అది. బొల్లన కూడ ఇంటిలోనికి వచ్చుటకు ముందు మామగారివలె రెండుమార్లు దగ్గసాగెను. ఒకనాడు అతడు పీటమీద కూర్చుండి, "ఎక్కడ తిరిగొస్తున్నావ్? నన్నడిగే వెళ్లావా?" అనెను. గొంతు బొల్లనది. మాట కుందమ్మ తండ్రిది. అడిగిన పిమ్మట అతడే ఉలిక్కిపడి నోరు మూసికొనెను.

వీటినన్నిటిని కుందమ్మ ఓర్చుకొనెను. అన్నము దొరకుచున్నది కదా యని సరిపెట్టుకొనెను. మనమైనను అంతే చేయుదుము. పిల్లకు నాలుగవ యేడు నడచుచుండగా ఒక మధ్యాహ్నము కుందమ్మ "వానమ్మా" అని పిలిచెను. పిల్ల తల తిప్పలేదు. మరల పిలిచెను. పిల్ల నాలుగవ స్తంభము నానుకొని ముసలిదానివలె కాళ్లు చాపుకొని కూర్చుండి, ఆకు నమలునట్లు ఒట్టి దవడ ఆడించుచుండెను. "ప్రోలమ్మా" అన్నప్పుడు మాత్రము చూచి, "కుందీ, తలుపు తీసే ఉందా?" అని అడిగెను. కుందమ్మను కుందీ అని పిలుచునది లోకమున ఒక్క తల్లియే. కుందమ్మ పిల్లను ఒడిలోనికి లాగుకొనెను. ఇల్లు పోయిన పోనిమ్ము, నా బిడ్డ నాకు కావలెనని గుండె బాదుకొనెను.

అంతట ఆమె భయముతోను కోపముతోను కుండలోని బియ్యమంతయు మోసికొనిపోయి యేటిలో పోసి, తూర్పు తలుపుకు గడియ బిగించెను. పెట్టిన చేతిని అట్లు తిరస్కరించినందువలన మూడు దినములలో తొట్లు ఎండెను, ఎడ్లు మేత మానెను, పిల్లకు జ్వరము వచ్చెను. నాలుగవ దినమున గడియ వేసిన తలుపు క్రిందినుండి బియ్యపుగింజలు ఒక్కొక్కటిగా లోనికి దొరలి వచ్చి కుండ చుట్టు చేరెను. ప్రతి గింజయు తడిగానుండెను.

కుందమ్మ గడపమీద కూలబడి యేడ్చుచుండగా, ఒక పసుపుచీర ముత్తైదువ నడివీధిలో ఆగి సంగతి అడిగెను. అంతయు విని ఇట్లనెను: "తీసుకోవడం తప్పు కాదమ్మాయీ. ఇవ్వడమూ తప్పు కాదు. నువ్వు పిడికెడు వెనక్కి వెయ్యలేదు, నోరు విప్పలేదు. అందుకని ఆ ఇవ్వడం ఇంకా అవుతూనే ఉంది. ఐదు శుక్రవారాలు పిడికిటి గౌరిని పూజించి, ఐదో వారం పుట్టింటికి పోయి ఆ పిడికెడు వేసి, చెప్పాల్సింది చెప్పు." ఆమె వెళ్లిన దారిలో అడుగుల జాడ లేదు. గౌరమ్మయే అట్లు వచ్చెనని పెద్దలు చెప్పిరి.

కుందమ్మ ఐదు శుక్రవారములు పూజ చేసెను. జ్వరము తగ్గెను, తొట్లలో నీలి నురుగు పుట్టెను. ఐదవ వారము వచ్చుసరికి తల్లి ముఖము చూచి ఆ మాటలు చెప్పుటకు ఆమెకు ధైర్యము చాలలేదు. పిడికెడు బియ్యము మూటగట్టి, వెలిపాడు పోవు బండివాని చేతికిచ్చి, చేటలో వేసి రమ్మని పంపి, వ్రతము తీరినదని తలచెను. ఎంత తెలివి!

ఆ సాయంకాలమే మూట తూర్పు గడపమీద తిరిగి కనబడెను. లోపల వసారాలో నాలుగు స్తంభములు ఆరయ్యెను. బొల్లన కావి ఉత్తరీయము కప్పుకొని గోడవైపు తిరిగి కూర్చుండి దగ్గుచుండెను. పిల్ల దీపము దగ్గరకు వచ్చి, కుందమ్మను ఎగాదిగా చూచి, "ఎవరమ్మా నువ్వు? ఎవరింటికొచ్చావ్?" అని మర్యాదగా అడిగెను.

కుందమ్మ ఆ మూటను ఒడిలో కట్టుకొని, పిల్లను చంకనెత్తుకొని, తెల్లవారగనే వెలిపాడు బయలుదేరెను.

పుట్టిల్లు చూచి ఆమె నిర్విణ్ణురాలయ్యెను. వసారాలో స్తంభములు లేవు. కప్పు దేనిమీద నిలిచినదో తెలియరాలేదు. కాచిశెట్టి భుజమున ఉత్తరీయము తెల్లగా వెలిసిపోయి యుండెను. ప్రోలమ్మ పీటమీద కూర్చుండి కుడిచేయి ముందుకు చాపియుండెను. బియ్యము పోసిన నాటినుండి ఆ చేయి ముడుచుకొనలేదు. వ్రేళ్లు ఎండుకొమ్మలవలె విచ్చి నిలిచిపోయెను. నాలుగేండ్లుగా ఆ చేతితో ఆమె ముద్ద కలిపి యెరుగదు. కాచిశెట్టియే తినిపించుచుండెను. కూతురు బాగున్నది కదా, ఆమెకు చెప్పి బాధపెట్టుట ఏలయని ఇద్దరును కబురైన పంపలేదట.

కుందమ్మ పిల్లను గడప దగ్గర దింపి, వారికి సాష్టాంగపడి, ఆనాటి పీటమీదనే కూర్చుండి ఒడి పట్టెను. పిడికెడు తీసి చేటలో వేసెను. గింజలు చేటలో పడిన చప్పుడు ఇల్లంతయు వినబడెను.

"అమ్మా, నాన్నా, మీరు పెట్టింది తిని బతికాం. ఎక్కడైనా చెప్పుకుంటాను. తూర్పు తలుపుకి పగలు గడియ పెట్టను, అది నా చేతనవుతుంది. కానీ ఇల్లు మా ఇల్లు. పని ఆయన పని. పిల్ల పేరు వానమ్మ. ఇది మీకు కష్టమైతే ఆ రోజు ఒడిలో పోసినవి కూడా తెచ్చి ఇక్కడే పోసి పోతాను. కోపంగా కాదు, దండం పెట్టే పోతాను."

కాచిశెట్టి ముఖము ఎఱ్ఱబడెను. "ఇన్నేళ్లకొచ్చిందా నీకు నోరు? ఆ రోజే చెప్పి ఉండొచ్చుగా!" అనెను.

"ఆ రోజు చెబితే ఒప్పుకునేవాడివా?" అని ప్రోలమ్మ అడిగెను.

అతడు నేలచూపు చూచి, "లేదు. అరిచేవాణ్ణి" అనెను. "అరిచి, ఆనక బండెక్కించేవాణ్ణి."

ఆ మాటతో ప్రోలమ్మ చిటికెనవ్రేలు ముడుచుకొనెను. పిమ్మట ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు, చూపుడువ్రేలు ముడుచుకొనెను. బొటనవ్రేలు మాత్రము కదలలేదు. పిల్ల గడప వెలుపల నిలిచి, లోపలికి రాక, అమ్మమ్మ చూపులతో అమ్మమ్మను చూచుచుండెను. ప్రోలమ్మకు అర్థమయ్యెను. ఆ పేరు ఆమె తల్లిది, ఆ తల్లి తల్లిది. దానిని విడిచిపెట్టుట ఆమెకు ప్రాణము విడిచినట్లుండెను. ఆమె కండ్లు మూసికొని, తెరచి, "వానమ్మా, ఇలా రా తల్లీ" అనెను.

పిల్ల ఉలిక్కిపడి చుట్టు చూచి, "అమ్మా, ఇదెవరిల్లే? నాకాకలేస్తోంది" అని ఏడ్చుచు లోనికి పరుగెత్తెను. బొటనవ్రేలు ముడుచుకొనెను. ఆ పూట ప్రోలమ్మ తన చేతితో ముద్దలు కలిపి ముగ్గురికి పెట్టెను, తానును తినెను. పెట్టుచు మరి ఒక్క మాటయు అనలేదు.

ఎఱ్ఱగుట్టకు తిరిగి వచ్చుసరికి వసారాలో రెండు స్తంభములే యుండెను. బొల్లన మోచేతులదాక నీలముతో ఎదురువచ్చెను. కుండలో బియ్యము అందరి ఇంట తరిగినట్లే తరుగసాగెను. పని సాగినకొలది సంపద తిరిగి నిలిచెను. ఆ రెంటిలో ఒకదానిమీద మాత్రము ఆ పాత గీతలు వచ్చి నిలిచియుండెను. వాటి ప్రక్కనే వానమ్మ ఎత్తు గీసిరి. ఇప్పటికిని కొన్ని శుక్రవారములు దీపము పెట్టువేళ తూర్పు వాకిట చెంబులో నీరు తరుగునట. ఆ ఇంటివారు ఎవరని అడుగక, చెంబు నింపి పెట్టుదురట.

ఓ వేత్రపాదా, తల్లిదండ్రులచేత ఇల్లుగాని, పొలముగాని, విత్తనముగాని, పెట్టుబడిగాని, పిల్లల చదువుకైన ఖర్చుగాని పుచ్చుకొన్నవారు ఈ వ్రతము చేయవలెను. కోడండ్రు, అల్లుండ్రు చేయవచ్చును. ఇచ్చినవారు తప్పక చేయవలెను. చేసినవారి ఇంట పేర్లు పేర్లుగా నిలుచును, తలుపులు తలుపులుగా నుండును, తిన్న అన్నము ఒంటబట్టును, ఇచ్చిన చేయి ముడుచుకొని సుఖముగా నిద్రించును అని ధూమకేశుడు చెప్పెను.

ఇప్పుడు పిడికిళ్లు విప్పుడు. అక్షతలు గౌరమ్మపై వేసి, ఒక చిటికెడు మాత్రము మీకిచ్చిన పెద్దచేతిలో తిరిగి వేసి, మీరు చేయగలదేమో చేయలేనిదేమో వారి చెవిలో చెప్పుడు. ఎవరి వ్రేళ్లయినను విప్పుకొనకున్నచో వారిని చూచి నవ్వకుడు. వారు ఎవరికో "అట్లాగే" అని వచ్చినవారు. వారి చేయి పట్టుకొని పుట్టింటి గడపదాక తోడు పొండు.