పానకంలో ఇంగువ

సముద్రం అంచున ఒకానొక రాజ్యం ఉండేది. పేరు సైకతపురం. పేరుకు తగ్గట్టే ఎటు చూసినా ఇసుక. ఊరినిండా బావులున్నా అన్నింట్లోనూ ఉప్పునీళ్లే. కోట గుమ్మానికి ఎదురుగా ఒక్కటంటే ఒక్క మంచినీళ్ల బావి ఉండేది. రాజుగారి పరమాన్నమైనా, పేదవాడి గంజి అయినా ఆ నీళ్లతోనే ఉడకాలి.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రచండవర్మ మనసు వెన్న. కాకపోతే గొప్పలు కాస్త ఎక్కువ. తనకు తట్టిన ఆలోచన ముల్లోకాల్లో ఇంకెవరికీ తట్టదని ఆయన నమ్మకం. అందుకని ఒక కట్టడి కూడా పెట్టాడు. రాజుగారు చేసిన పనికి రాజుగారే వంక పెట్టాలి తప్ప మరొకరు పెట్టకూడదట. ఆయనేమో ఎన్నడూ పెట్టుకోడు. ఇంకేముంది, సభలో అందరికీ తల ఊపడమే ఉద్యోగం.

ఆ సభలోనే మాచన అని ఒక చమత్కారి ఉండేవాడు. చిన్నప్పుడు రాజుగారితో కలిసి ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టినవాడు. ప్రచండవర్మ అంటే అతనికి ప్రాణం. ఆయన గొప్పలు విని లోలోపల నవ్వుకునేవాడే కానీ, ఆయనను ఎవరైనా ఒక్క మాట అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

ఒక ఏడాది ఊరి మురుగు, గుర్రపుసాలల కసవు పోయడానికి చోటు చాలక పెద్ద ఇబ్బంది వచ్చింది. మంత్రులు తలలు పట్టుకుని కూర్చుంటే, రాజుగారు మీసం దువ్వి తన ఆలోచన బయటపెట్టాడు. మంచినీళ్ల బావికి ఎగువన ఇసుకదిబ్బ ఉంది కదా, దాని మీద పెద్ద గొయ్యి తవ్వించాలి. ఇసుక ఎంత పోసినా తాగేస్తుంది, గొయ్యి ఎన్నటికీ నిండదు. సభంతా ఆహా ఓహో అంది.

మాచన గుండెల్లో రాయి పడింది. ఇసుక తాగింది ఎక్కడికి పోతుంది? కిందికి. కింద ఏముంది? బావి. ఉన్న ఒక్క బావీ పాడైతే ఊరికి దిక్కేమిటి? పడమటి పొలిమేరలో బంకమన్ను నేల ఉండనే ఉంది. అక్కడ గేదెలు పొర్లే మడుగు నడివేసవిలో కూడా ఇంకిపోదు. పోసిన మురుగు పోసినచోటే ఉంటుంది, ఎండకు ఎండితే ఎరువుగా పొలాలకు తోలుకోవచ్చు. కానీ ఆ చోట రాజుగారు ఉయ్యాల మంటపం కట్టించుకుందామని ముచ్చటపడుతున్నాడు.

మాచన లేచి ఆ బంకమన్ను నేల గురించి ఎత్తబోయాడో లేదో, రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమోయ్, వంక పెడుతున్నావా?"

"రామ రామ, లేదు ప్రభూ," అని మాచన నాలుక కరుచుకుని కూర్చున్నాడు. ఇక లాభం లేదు, వంకేదో రాజుగారి నోటే రావాలి అనుకున్నాడు.

గొయ్యి తవ్వడం పూర్తయింది. ప్రారంభం రాజుగారి చేతుల మీదుగానే. అప్పుడు మాచన వినయంగా ఒక మనవి చేశాడు. ఇంత గొప్ప పనికి ఏలినవారు మొదటే మురుగు పోయడం ఏం మర్యాద? ముందు నాలుగు రోజులు ఇంగువ నీళ్లు పోయిద్దాం, దిష్టి పోతుంది. శ్రీరామనవమి వెళ్లాక మురుగు పోసుకోవచ్చు. ఓడలో తడిసి పాడైన ఇంగువ బస్తాలు కొట్లో ఎలాగూ పడి ఉన్నాయి కదా అన్నాడు. దిష్టి మాట రాజుగారికి బాగా నచ్చింది. మంగళవాద్యాల మధ్య మొదటి కడవ తానే ఎత్తి గోతిలో పోశాడు. ఆ తర్వాత ఏనుగుల చేత నీళ్లు మోయించి, బస్తాలకు బస్తాలు కలిపి పోయించారు. ఇసుక అంతా గుటుక్కున తాగేసింది. రాజుగారు మురిసిపోయాడు.

నాలుగు రోజుల్లో చారు తాగి రాజుగారే మొహం చిట్లిస్తాడని మాచన ఎదురుచూశాడు. జరిగింది వేరు.

"అబ్బ, చారంటే ఇదీ! పేరమ్మా, నీ చేతిలో అమృతం ఉందే," అన్నాడు రాజుగారు లొట్టలు వేస్తూ.

పేరమ్మ వంటశాల పెద్ద. పాపం, ఆవిడ ఆనాడు చారులో ఇంగువే వేయలేదు. మర్నాడూ వేయలేదు. అయినా చారు ఘుమఘుమలాడిపోతూనే ఉంది. రాజుగారు పొంగిపోయి ఆవిడకు పట్టుచీర పెట్టించాడు. చీర తీసుకున్నాక ఇక ఏం నోరు విప్పుతుంది? ఊళ్లో ప్రతి ఇంటా అదే ఇంగువ వాసన. పప్పులో పులుసులో ఎవరూ పట్టించుకోలేదు కానీ, ఉత్తనీళ్లు ఇస్తే పిల్లలు మొహం తిప్పుకుంటున్నారు. రాజుగారి గొయ్యి అని ఎవరూ కిక్కురుమనలేదు.

మాచన తల పట్టుకున్నాడు. నవమి వెళితే మురుగు పోస్తారు.

ఇంతలో నవమి రానే వచ్చింది. తెల్లవారుతూనే పేరమ్మ కళ్లనీళ్లతో మాచన దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పానకం కలిపిందట. ఎంత బెల్లం వేసినా, ఎన్ని యాలకులు దంచి వేసినా ఇంగువ కంపే కొడుతోందట. మాచన మొహం వెలిగిపోయింది. "అలాగే పట్టుకురా పేరమ్మా. నీ మీదికి రాకుండా నేను చూసుకుంటాను," అన్నాడు. రాముడి ముందు మనసులోనే లెంపలు వేసుకున్నాడు.

పూజ అయింది. ఆనవాయితీ ప్రకారం మొదటి గ్లాసు రాజుగారిది. నిండు సభలో ఆయన గ్లాసెత్తి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. కళ్లు గుండ్రంగా తిరిగాయి. ప్రసాదం ఉమ్మకూడదు కదా! మింగలేక కక్కలేక, చివరికి సింహాసనం గట్టిగా పట్టుకుని గుటక వేశాడు. మంత్రులూ తాగారు. ఎవరి కళ్లలో చూసినా నీళ్లే, కానీ అందరూ ఆహా ఓహో అన్నారు. మాచన మాత్రం గ్లాసు ఖాళీ చేసి ఊరుకున్నాడు.

"ఎవరు? పానకంలో ఇంగువ వేసింది ఎవరు?" అని గర్జించాడు రాజుగారు.

అందరి చూపూ పేరమ్మ మీదికి తిరిగింది. మాచన లేచి నిలబడ్డాడు.

"ఆవిడ తప్పేం లేదు ప్రభూ. వేసింది ఏలినవారే."

దిబ్బ మీద పోసిన ఇంగువ ఇసుకలోంచి జారి బావిలోకి దిగిందని మాచన విడమరిచి చెప్పాడు. రాజుగారి మొహం ఎర్రబడింది.

"అయితే నా గొయ్యికి వంక పెడుతున్నావన్నమాట?"

"నేనెక్కడ పెట్టాను ప్రభూ? నేను తాగి ఊరుకున్నాను. వంక పెట్టింది తమరే కదా!" అని మాచన గొంతు తగ్గించాడు. "ఇంగువ పోశాం గనుక ఇంగువ వచ్చింది. రేపటినుంచి అక్కడ పోయబోయేది..."

అంతటితో ఆపేశాడు. రాజుగారు చేతిలో గ్లాసు వంక చూశాడు. దాన్ని మెల్లగా కింద పెట్టాడు. పళ్లెంలో మిగిలిన గ్లాసుల వంక, గుమ్మం బయట ప్రసాదానికి బారులు తీరిన జనం వంక చూశాడు. ఆ తర్వాత ఒక్కసారిగా పగలబడి నవ్వాడు.

"ఒరే మాచనా, చిన్నప్పుడు ఎగువన పసుపునీళ్లు పోసి దిగువన ఇసుకలో నేను తవ్వుకున్న చెలమంతా పచ్చగా చేశావు. నేను ఏడుస్తూ అమ్మ దగ్గరికి పోయాను. ఆ బుద్ధి నీకింకా పోలేదురా! ఆ సంగతి నేనే మరిచిపోయాను, నాదే తప్పు."

రాజుగారి నోట తప్పు అన్న మాట సభ వినడం అదే మొదలు. మాచనకు కళ్లు చెమర్చాయి. గొయ్యి పూడ్చి పడమట బంకమన్ను నేలలో తవ్వమని, ఉయ్యాల మంటపం గాలి వచ్చే దిబ్బ మీద కట్టమని అప్పటికప్పుడే ఉత్తర్వు అయింది. రాజుగారు తన బంగారు కంకణం తీసి మాచన చేతికి తొడిగి, ఇకమీదట తనకు వంక పెట్టే హక్కు కూడా ఇస్తున్నానన్నాడు.

"అయితే మొదటిది ఇప్పుడే పెడతాను. కంకణం వదులుగా ఉంది ప్రభూ," అన్నాడు మాచన. రాజుగారు మళ్లీ నవ్వాడు.

ఆ వేసవంతా ఊరు ఊరంతా ఇంగువ నీళ్లే తాగింది. బావి తోడి పోస్తూనే ఉన్నారు. వానలు పడి కొత్త ఊట ఊరాక, రాజుగారే వచ్చి మొదటి చేద లాగాడు. దోసిట్లో పట్టి తాగాడు. మరో దోసిలి మాచనకు పట్టాడు. నీళ్లు తియ్యగా, చల్లగా ఉన్నాయి. వీధిలో పిల్లలు చేద చుట్టూ మూగి పోటీలు పడి తాగుతున్నారు.

రాజుగారు తృప్తిగా మూతి తుడుచుకుని, ఉన్నట్టుండి పేరమ్మ వైపు తిరిగాడు. మొహంలో చిన్న దిగులు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ పేరమ్మా, మరి చారు?"

పేరమ్మ పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇకనుంచి ఇంగువ నేనే వేసుకోవాలి ప్రభూ," అంది.