తేరిన ద్రాక్షారసం

"అమ్మా, మా నాన్నను క్షమించేశాను. నా మనసు నిమ్మళించింది. మరి నన్నింకా మాటపట్టుకు ఎందుకు పంపరు?" అని మఠం పెద్ద మదర్ ఇన్నాసమ్మను అడిగింది జపమాల.

కన్యస్త్రీ కావాలని మఠానికి వచ్చిన పిల్ల ఆమె; మాటపట్టు నాడు దేవుడికి మాటిస్తేనే కన్యస్త్రీ అవుతుంది. తల్లికి పురిటినొప్పులు వచ్చిన రోజు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన తండ్రి తాగి అరుగు మీద పడున్నాడు. తల్లి దక్కలేదు. ఆ తండ్రి కోసమే ఇప్పుడు రోజూ ప్రార్థిస్తోంది. ఇంతకంటే ఏం చేయాలి?

మదర్ ఇన్నాసమ్మ ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. పూజకు కావాల్సిన ద్రాక్షారసం మఠంలో ఆవిడే తయారుచేస్తుంది. జపమాలను ఆ గదిలోకి తీసుకెళ్లి, గాలి లాగే చేతిపంపు అందించింది.

"పులిసినప్పుడు పుట్టిన గ్యాస్ ఇంకా ఇందులోనే ఉంది. తీయకుండా సీసాల్లో పోస్తే మూతలు ఎగిరిపోతాయి. లాగు."

మందపాటి గాజు జాడీలో నెలల తరబడి కదపని రసం. తేటగా, అద్దంలా ఉంది. "ఇందులో గ్యాసెక్కడుందమ్మా?" అని నవ్వుతూనే, బిరడాలోని గొట్టానికి పంపు తగిలించి లాగింది జపమాల.

ఏవో నాలుగు బుడగలు లేచాయి. గట్టిగా మళ్లీ లాగింది. అంతే! పొయ్యి లేదు, సెగ లేదు, జాడీ జాడీ అంతా అడుగు నుంచి కుతకుతా మరిగినట్టు పొంగింది. ఎర్రటి నురుగు గొట్టంలోకి ఎగబాకి, పంపులోంచి బల్ల మీద చిమ్మింది. జపమాల హడలిపోయి వెనక్కి గెంతింది.

"అయ్యో! ఏం కలిపారమ్మా ఇందులో?"

"నేనేం కలపలేదు. పైనున్న గాలి బరువు నువ్వు తీశావు, లోపలున్నది లేచింది." అంటూనే మదర్ పాతగుడ్డ అందుకుంది. "మీ నాన్న వచ్చాడు. పొద్దుటినుంచీ వరండాలో కూర్చునున్నాడు."

"చావనీ!"

ఆ మాట ఎవరన్నారా అని జపమాల వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఉన్నది ఇద్దరే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొద్దున ఆయన కోసం ప్రార్థించిన నోరే కదా ఇది! అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

కాసేపటికి లేచింది. ముఖం కడుక్కుని, వరండా వైపు నడవబోయి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"నేనిక మాటపట్టుకు పనికిరానేమో అమ్మా."

మదర్ బల్ల తుడుస్తూనే అంది.

"పొంగిందని ఇంతవరకూ దేన్నీ పారబోయలేదమ్మా నేను."