తొమ్మిదో నంబరు మీది మడత

మూడు రోజులుగా దాసుకి అన్నం సయించడం లేదు. కారణం, ఓ మడత.

బందరులో స్టేడియం దారిలో సుభానీ మాస్టారి లాండ్రీ ఉంది. పక్కనే ఫ్రేములు కట్టే షాపు. ఆటగాళ్ళ జెర్సీలు అద్దంలోకి ఎక్కేముందు ముడతలు తీయించుకోడానికి మాస్టారి దగ్గరికే వస్తాయి. దాసు నాలుగేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చేతిలో పనితనం ఉంది, కాదనం. కాకపోతే ఆ సంగతి ఊరందరికంటే ముందు వాడికే తెలుసు. అదీ చిక్కు.

ఈసారి వచ్చింది ఓ వాలీబాల్ జెర్సీ. నీలం రంగు, వీపున తొమ్మిదో నంబరు. సరిగ్గా ఆ తొమ్మిది మీదుగా నిలువునా ఓ మడత. దాసు తిరగేసి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేశాడు. పోలేదు. ఆవిరి పట్టాడు. తగ్గినట్టే తగ్గి, ఆరగానే మళ్ళీ తేలింది.

"ఇదేం మొండిఘటం మాస్టారూ! ఇన్నేళ్ళలో నా చేతికి లొంగని మడత లేదు."

సుభానీ మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "ఆ మడత ఎవరిదో అడిగావట్రా?"

"మడతకి కూడా సొంతదారుంటాడా మాస్టారూ?" అని నవ్వేశాడు దాసు.

మాస్టారు తన పనిలో పడ్డారు. ఆయనకి రెండోసారి చెప్పే అలవాటు లేదు.

మూడోనాడు దాసు నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి, మడత పొడుగునా అద్ది, ఓపిగ్గా ఆవిరి పట్టి, ఆరేదాకా బల్లమీద బిగించి ఉంచాడు. హమ్మయ్య, పోయింది! మచ్చుకైనా కనబడలేదు.

"చూశారా మాస్టారూ!"

మాస్టారు చూశారు. "పని బాగుంది," అన్నారు. మొహంలో సంతోషం మాత్రం లేదు.

సాయంత్రం జెర్సీ తాలూకు మనిషి వచ్చారు. పేరు నాగభూషణం గారు, చీరల కొట్లో గుమస్తా. విప్పించి చూసి వద్దన్న చీరలన్నీ మళ్ళీ మడతపెట్టడమే ముప్పై ఏళ్ళుగా ఆయన పని. జెర్సీ ఆయన కూతురు హైమది. తల్లి లేని పిల్ల, ఒక్కగానొక్కతి. రెండేళ్ళ క్రితం డెంగ్యూ జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

దాసు జెర్సీని ఆయన ముందు పరిచాడు. "చూసుకోండి బాబాయిగారూ, కొత్తదానిలా లేదూ?"

నాగభూషణం గారి చెయ్యి తొమ్మిది మీద అటూ ఇటూ తిరిగింది, జేబులో ఉండాల్సింది కనబడక తడుముకున్నట్టు.

"బాగుంది నాయనా... చాలా బాగా చేశావు," అన్నారు. చెయ్యి మాత్రం తీయలేదు.

సుభానీ మాస్టారు స్టూలు జరిపారు. "కూర్చోండి. రోజూ దీన్ని మడతపెట్టేది మీరేనా?"

"నేనేనండి. పొద్దున్నే కొట్టుకెళ్ళేముందు తీస్తాను. కాసేపు చూసుకుని మళ్ళీ పెట్టేస్తాను. మా పిల్ల ఉన్నప్పుడూ అంతే. ఆడి వచ్చి ఎక్కడపడితే అక్కడ పడేసేది. నేనే ఉతికి, మా కొట్లో చీరలా మడతపెట్టేవాణ్ణి. 'నాన్నా, ఇది చీర కాదు' అని ఒకటే నవ్వు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "దాని కాలేజీ వాళ్ళు దీన్ని ఫ్రేము కట్టించి ఆటల గదిలో పెట్టుకుంటామన్నారు. నా పిల్లని తలుచుకుంటామంటే ఎలా కాదంటానండీ?"

దాసుకి ఎటు చూడాలో తెలీలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మాస్టారు జెర్సీ తీసి నాగభూషణం గారి చేతిలో పెట్టారు. "ఒక్కసారి మడతపెట్టి ఇవ్వండి."

ఆయన పెట్టారు. చూడనైనా చూడలేదు, చేతులు వాటంతటవే కదిలాయి. బొటనవేలి గోరుతో అంచు నొక్కి, అరచేత్తో రెండుసార్లు నిమిరారు.

మాస్టారు దానిమీద తడిగుడ్డ వేశారు. ఇస్త్రీ పెట్టె అందుకుని ఆ మడత మీదే నెమ్మదిగా నడిపారు. మళ్ళీ నడిపారు. విప్పి పరిచేసరికి, దాసు మూడు రోజులు పోరాడి పోగొట్టిన మడత తొమ్మిది మీద మళ్ళీ కనబడింది.

"ఫ్రేములో ఇలాగే వెయ్యమని పక్కవాళ్ళకి చెప్పు," అన్నారు దాసుతో.

నాగభూషణం గారు ఆ మడత పొడుగునా వేలితో నిమిరారు. వెళ్దామని లేచి, మళ్ళీ కూలబడ్డారు.

"రేపు పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచడం లేదండీ మాస్టారూ. ఈ చేతులు ఊరుకోవు."

"ఇక్కడికి రండి. కొట్టుకెళ్ళే దారేగా," అన్నారు సుభానీ మాస్టారు.

దాసు మూలనున్న చొక్కాల మూట విప్పి, ఒకటి తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు.