పొలమారిన ముద్ద

ఓబుళశెట్టికి ఆ పూట ఎండ కూడా తన మీద అలిగినట్టే ఉంది. ఆదోని నుంచి ఆగకుండా వచ్చి, దర్గా అరుగు మీద కూర్చున్న మస్తాన్ గురువు ముందు కూలబడ్డాడు.

"ఏం నాయనా, నూనె మిల్లు గానీ ఆగిపోయిందా?"

"మిల్లుదేముంది సామీ! మారెక్క బడి మానేసింది."

శెట్టి బీదపిల్లల కోసం బడి కట్టించాడు. పుస్తకాలు, బట్టలు, మధ్యాహ్నం అన్నం, అన్నీ ఆయనవే. ఒకటే నియమం పెట్టాడు. కంచం ముందు పిల్లలంతా లేచి, "మా అన్నదాత ఓబుళశెట్టి గారు చల్లగా ఉండాలి" అనాలి. బడికంతటికీ వెలుగులాంటి మారెక్క మాత్రం పెదవి విప్పేది కాదు. నిన్న అందరి ముందూ శెట్టి గద్దించేసరికి, కంచం అలాగే వదిలి పత్తి చేలో కూలికి పోయింది.

"ఒక్క మాటంటే నోరు అరిగిపోతుందా సామీ? అంత తెలివిగల పిల్ల! దాని చదువు నా చేతుల మీదనే ఆగిపోయేట్టుంది."

గురువు లేచి వెళ్ళాడు. లోపలి నుంచి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తెచ్చి పెట్టాడు. శెట్టి ముక్క తుంచాడు.

"ఎవరు పెట్టినారు?"

"మీరే సామీ."

ఇంకో ముక్క నోటిదాకా వచ్చింది.

"ఎవరు పెట్టినారు?"

"మీరే సామీ, మీరే!"

మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి నోట్లో ముక్క ఉండగానే జవాబు చెప్పబోయాడు శెట్టి. పొలమారింది. ఊపిరాడక కళ్ళనీళ్ళు తిరిగాయి.

గురువు గబుక్కున లేచి, అమ్మలాగా నెత్తి మీద తట్టి, నీళ్ళు తాగించాడు.

"ఎవరో తలుచుకుంటాండారులే నాయనా."

దగ్గు సర్దుకున్నాక శెట్టి ఆశగా అడిగాడు. "ఎవరు సామీ?"

"తలుచుకునేవాళ్ళు గట్టిగా చెప్తారా? నువ్వు తిను."

శెట్టి తలవంచుకుని తిన్నాడు. గురువు ఇంకేమీ అడగలేదు. రొట్టె ఇంత తియ్యగా ఉంటుందని శెట్టికి అప్పుడే తెలిసింది.

పొద్దు వాలకముందే పత్తి చేను గట్టు మీద నిలబడ్డాడు.

"మారెక్కా, ఇంక ఎవరూ లేచి నిలబడేది లేదు, ఏమీ అనేది లేదు. బడికి రామ్మా."

ఆ పిల్ల ఒడిలోని పత్తి జారకుండా పట్టుకుని, అనుమానంగా చూసింది.

"అయితే కూడు చల్లారకముందే తినొచ్చా?"

"తినొచ్చు తల్లీ."

మారెక్క నవ్వింది. నిన్నటి నుంచి గుండెలో అడ్డం పడి ఉన్నదేదో కిందికి దిగినట్టయింది శెట్టికి.