ప్లాటినం మీది నలుపు

మురికి అనుకుని ప్రసూన ఆ నలుపును గీకేసింది. తప్పంతా అక్కడే జరిగింది.

ఉప్పు ద్రావణాలు కరెంటును ఎంత అడ్డుకుంటాయో కొలిచే చిన్న గాజు సెల్ అది. లోపల ఎదురెదురుగా రెండు ప్లాటినం రేకులు, వాటి మీద మసిలాంటి పూత. తన బల్ల మీద గాజు సామాను తళతళలాడకపోతే ప్రసూనకు ఏమీ తోచదు. కడ్డీకి దూది చుట్టి, రేకులు మెరిసేదాకా తోమింది. ఆ సెల్‌తోనే మూడు వారాలు కొలిచింది. నూట పన్నెండు రీడింగులు. థీసిస్‌లో చివరి అధ్యాయం మొత్తం అవే.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు. అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈసారి దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

బుధవారం పొద్దున ల్యాబులో పక్క బల్ల భుజంగరావు ఆ సెల్ చూసి పకపకా నవ్వాడు. "దీనికి తలంటు పోశావేంటి తల్లీ? ఆ నలుపు మాస్టారు పనిగట్టుకుని పట్టించింది! అది ఉంటేనే కొలత నిలకడగా వచ్చేది."

ప్రసూన ఆ సెల్ మళ్ళీ తీసి పరీక్షించింది. మధ్యాహ్నం దాకా లెక్కలు వేసి, కాగితం పట్టుకుని తన గైడు ఇమ్మానుయేలు మాస్టారి దగ్గరికి పరుగెత్తింది.

"నలుపు గీకేశానండీ. కానీ తేడా ఎంతో పట్టుకున్నాను. రెండు వందలు రావాలని తెలిసిన ద్రావణం పోస్తే నూటికి నాలుగు ఎక్కువ చూపిస్తోంది. అన్నిట్లోనూ అంత తగ్గించేస్తే సరిపోతుంది కదండీ? రేపటికల్లా టైపు చేయించేస్తాను."

మాస్టారు కాగితం చూడలేదు. లేచి ఆమె బల్ల దగ్గరికి నడిచారు. ఆ ద్రావణమే సెల్‌లో పోసి, తీగలు తగిలించారు.

"చదువమ్మా."

"రెండు వందల ఎనిమిది."

కరెంటు ఎంత వేగంగా అటూ ఇటూ మారాలో నిర్ణయించే మీటను ఒక మెట్టు తిప్పారు.

"రెండు వందల మూడు."

ఇంకో మెట్టు.

"రెండు వందల ఒకటి." ఆమె గొంతు తగ్గింది.

మాస్టారు బీరువాలోంచి అలాంటిదే, నలుపు చెక్కుచెదరని తన సెల్ తీసి, అదే ద్రావణం పోశారు. మూడు మెట్లూ తిప్పారు. రెండు వందలు. రెండు వందలు. రెండు వందలు.

"నేను అన్నీ ఒకే మెట్టు మీద కొలిచానండీ!"

"ఒకే ద్రావణమా?"

కాదు. నలభై ద్రావణాలు. ఉప్పు ఒక్కోదాంట్లో ఒక్కోలా. అంటే తేడా కూడా ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది.

"ఏ అంకె తగ్గిస్తావో చూసుకో," అని మాస్టారు తన సెల్ కడుక్కున్నారు.

"మాస్టారూ, శుక్రవారం..."

"వస్తుందమ్మా," అని క్లాసుకి వెళ్లిపోయారు.

ప్రసూన నోటుపుస్తకం తెరిచింది. స్కేలు పెట్టి, అంకెలు కనబడేలాగే నూట పన్నెండింటినీ కొట్టేసింది. 'నలుపు గీకిన సెల్‌తో కొలిచినవి' అని కింద రాసి సంతకం చేసింది.

శుక్రవారం అయిదింటికి ఆమె రేకులకు మళ్ళీ నలుపు పట్టిస్తోంది. రిజిస్ట్రేషన్ రద్దయింది. మళ్ళీ చేయించుకుని, థీసిస్ ఇచ్చేసరికి రెండేళ్లు పట్టింది.

మీట తిప్పి చూడకుండా ఒక్క అంకె కూడా రాయకూడదని ఆ సాయంత్రం అనుకుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో రాయలేదు.