రెండో గుర్తు లేని ఉత్తరాలు

“ఆ జోగారావు గారిని బోర్డులోంచి తీసేస్తాను మాస్టారూ. ఇంక నావల్ల కాదు,” అన్నాడు కూర్మారావు.

ఇంటర్నెట్టు ఇంకా మన ఊళ్ల మొహం చూడని రోజులవి. విజయనగరంలో గవర్రాజు మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఓ మూల కంప్యూటరు ఉండేది. దానికి ఫోను లైను తగిలించి, నాలుగైదు ఊళ్లవాళ్లు ఉత్తరాలు రాసుకునే బులెటిన్ బోర్డు నడిపేవారు. చూసుకునేది మాస్టారి శిష్యుడు కూర్మారావు. మహా పట్టుదల మనిషి. రూలంటే ప్రాణం.

ఆ రూలేమిటంటే, ప్రతి లైను చివరా కంప్యూటరు రెండు గుర్తులు పంపాలి. ఒకటి ఎడమ అంచుకి రమ్మని, రెండోది కిందికి దిగమని. పార్వతీపురం జోగారావు గారి పాత కంప్యూటరు మొదటిదే పంపేది. దాంతో ఆయన లైన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కూర్మారావు రెండుసార్లు రూలు రాసి పంపాడు. లాభం లేకపోయింది. ఒళ్లు మండి, రెండో గుర్తు లేని ఉత్తరాలన్నీ పక్కన పడేసేలా ప్రోగ్రాం రాసి పెట్టాడు. అప్పటికి పది రోజులైంది.

“ఆయనకి చెవులు వినబడవురా. ఫోనులో మాట్లాడలేడు, ఇంట్లో ఒక్కడే. ఈ బోర్డు తప్ప ఆయనకి పలకరింపు లేదు,” అన్నారు మాస్టారు.

“అయితే మాత్రం? తప్పు ఆయన మిషనుది. దిద్దుకోవలసింది ఆయనే!”

మాస్టారు ఖాళీగా ఉన్న టైపు మిషను ముందుకి కుర్చీ లాగారు.

“కూర్చో. ఉత్తరం చెప్తాను, కొట్టు.”

కూర్మారావుకి చిర్రెత్తింది. టైపు హయ్యరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసైనవాడికి ఇప్పుడీ పరీక్షేమిటి? అయినా గురువుగారి మాట కదా, కూర్చున్నాడు. మాస్టారు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయారు. వాడూ తగ్గలేదు. లైను చివర గంట మోగడం, మిషను మీట తోసి కింది లైనుకి రావడం, మళ్లీ టకటకా కొట్టడం. పేజీ నిండింది.

మాస్టారు కాగితం లాగి చూశారు.

“ఇరవై రెండు లైన్లు. మీట తొయ్యమని నేనెప్పుడైనా చెప్పానా?”

“భలేవారే! అది మీరు చెప్పాలేమిటి? కొట్టేవాడి పని కదా అది.”

మాస్టారు కాగితం వాడి చేతిలో పెట్టి, తరవాతి బ్యాచీకి తలుపు తీయడానికి వెళ్లిపోయారు.

కూర్మారావు ఆ కాగితంతోనే లేచి వెళ్లి కంప్యూటరు దగ్గర కూర్చున్నాడు. ఒకటే గుర్తు వస్తే రెండోది తనే చేర్చుకునేలా ప్రోగ్రాం మార్చడం మొదలుపెట్టాడు. రెండుసార్లు చెడింది. టీ చల్లారిపోయింది. బ్యాచీలు వచ్చాయి, వెళ్లాయి. వాడు లేవలేదు. సాయంత్రానికి కుదిరింది.

పక్కన పడేసిన ఉత్తరాలు బయటికి తీశాడు. తొమ్మిదున్నాయి.

మొదటిదాన్లో ఇలా ఉంది: “కూర్మారావు గారూ, మీ రూలు చదివాను. నా మిషనులో ఆ రెండో గుర్తు ఎలా పెట్టాలో తెలియడం లేదు. దయచేసి చెప్పగలరా?”

వాడికి తల కొట్టేసినట్టయింది. రెండోదీ అదే ప్రశ్న. మూడోదీ అంతే.

తొమ్మిదో ఉత్తరంలో రెండే లైన్లు.

“ఎవరూ పలకడం లేదు.
నా మాట మీకు వినబడుతోందా?”

కూర్మారావు కళ్లు తుడుచుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

“వినబడుతోందండీ,” అని కొట్టాడు.