బూరె అడిగిన ప్రశ్న

పిల్లలూ, కాస్త దగ్గరగా జరగండి. చాలా చాలా ఏళ్ళ కిందట, కుక్కలూ చిలకలూ మనుషులతో మాట్లాడే రోజుల్లో, చంపకపురి అనే రాజ్యం ఉండేది. అందులో ఓ బడి. ఆ బడిలో వకుళ అనే పిల్ల.

ఆ బడికి ఓ పద్ధతి ఉంది. ఒకరు లేచి చదువుతుంటే మిగతావాళ్ళు చెవులు రిక్కించి వినాలి. ఒక్క మాట తడబడిందా, అందరూ కలిసి "తప్పు! తప్పు!" అని అరవాలి. పంతులుగారు మంచివారే. అలా అయితే చదువు బాగా వస్తుందనుకున్నారు, పాపం.

ఒంటరిగా ఉంటే వకుళ చక్కగా చదివేది. లేచి నిలబడిందంటే మాత్రం ఆ అరుపు ఎప్పుడొస్తుందోనని మాట మాటకీ తడబడేది. చూశారా, చదువు రాక కాదు, భయం వచ్చి!

ఇంతలో విజయదశమి దగ్గర పడింది. ఆ రోజు పిల్లలంతా రాజుగారి కొలువులో తలా ఒక కథ చదవాలి. చదవలేనివాళ్ళకి మర్నాటి నుంచి బడిలో చోటు లేదు.

"ఎవరికైనా చదివి వినిపించి అలవాటు చేసుకో తల్లీ," అన్నారు పంతులుగారు.

వకుళ తాటాకులు పట్టుకుని ముందు చిలక దగ్గరికి వెళ్ళింది. "అ... అడవిలో" అందో లేదో, చిలక రెక్కలు టపటపలాడించి "అ అ అడవి! అ అ అడవి!" అని పెరడంతా చాటింది.

తర్వాత పిల్లి దగ్గరికి వెళ్ళింది.

"వింటే పాలు పోస్తావా?" అంది పిల్లి.

"పాలు లేవు. మంచి కథ ఉంది."

"కథ తాగితే కడుపు నిండుతుందా?" అని ఆవలించి, అటు తిరిగి పడుకుంది.

వకుళ బడి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ మెట్ల కిందే ఓ కుక్క ఉండేది. గుండ్రంగా, గోధుమరంగులో ఉంటుందని పిల్లలు దానికి బూరె అని పేరు పెట్టారు.

"ఏడవకు వకుళా. నాకు చదివి పెట్టు."

"తప్పులొస్తాయి బూరే!"

"వస్తే రానీ. నాకు అక్షరం ముక్క రాదు. కథలో ఏమవుతుందో అదే కావాలి నాకు."

వకుళ చదివింది. తడబడితే బూరె తల పక్కకి వంచి ఊరుకునేది. ఆగిపోతే తోక ఊపుతూ "తర్వాత ఏమైంది?" అనేది. రోజూ అదే కథ, రోజూ అదే ప్రశ్న. పండగ నాటికి వకుళ, కథలో పులి వచ్చే చోట, పులిలా గాండ్రించి మరీ చదువుతోంది!

పండగ రానే వచ్చింది. కొలువు కిటకిటలాడుతోంది. "కుక్కలు లోపలికి రాకూడదు," అని భటుడు ఈటె అడ్డం పెట్టాడు. బూరె గుమ్మం దగ్గరే కూర్చుంది.

వకుళ వంతు వచ్చింది. మొదటి వాక్యం దాటింది. రెండోది దాటింది. మూడో దాంట్లో "లే... లే..." అని ఆగిపోయింది. తోటి పిల్లలు అరవడానికి నోళ్ళు తెరిచారు!

అంతలో గుమ్మం దగ్గర నుంచి ఓ కేక.

"వకుళా! తర్వాత ఏమైంది?"

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. వకుళకి ఫక్కున నవ్వొచ్చింది. భయం ఎటు పోయిందో!

"లేడిపిల్ల ముందు వరద ఏరు! వెనక పెద్దపులి!" అని చదివి, గాండ్రించింది. భటుడి చేతిలో ఈటె ఠంగుమని కింద పడింది. సరిగ్గా అక్కడ తాటాకు అయిపోయింది. రెండోది తిప్పడానికి వకుళ ఆగింది.

రాజుగారు సింహాసనం అంచుకి జరిగారు.

"ఆపావేం తల్లీ? తర్వాత ఏమైంది?"

"లేడిపిల్ల ఒక్క గెంతు గెంతి అవతలి ఒడ్డున పడింది మహారాజా!"

చప్పట్లే చప్పట్లు!

"ఇంత చక్కగా చదవడం ఎవరు నేర్పారమ్మా?" అన్నారు రాజుగారు.

"పంతులుగారు నేర్పారు. బూరె విన్నది."

పంతులుగారికి ఆ ఒక్క మాటతో అంతా తెలిసొచ్చింది. మర్నాడే బడి పద్ధతి మారింది. కథ పూర్తయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు; తప్పులు దిద్దుకోవడం ఆ తర్వాతే. వకుళ తన చోట తను కూర్చుంది. ఆ పక్కనే, ముందు వరసలో, బూరెకీ ఓ చాప పరిచారు.

అందుకని పిల్లలూ, చదివేవాళ్ళకి ధైర్యం రావాలంటే, తప్పులు పట్టే నోళ్ళకన్నా ముందు ఓపిగ్గా వినే చెవులు ఉండాలి.